గుడ్డులో ఇరుక్కున్న కోడిపిల్లను పెంకు ఒలిచి తీయొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: హుజూరాబాద్ దగ్గర పల్లె. చిన్న ఇంక్యుబేటర్‌లో 42 నాటుకోడి గుడ్లు పెట్టారు. 19వ రోజు రాత్రి మూడు గంటలు కరెంటు పోయింది. ఇవాళ 21వ రోజు సాయంత్రం. 17 పిల్లలు వచ్చేశాయి. ఎనిమిది గుడ్లు నిన్న రాత్రి పది ప్రాంతంలో పగులు పెట్టి అక్కడే ఆగిపోయాయి, వాటిలో ఒకటి సన్న మొన వైపు పొడిచింది. ఇంకో రెండింటిలో అరుపు వినిపిస్తోంది గానీ పైన పగులు లేదు. వచ్చిన పిల్లల్లో ఒకటి కాళ్ళు రెండు వైపులా చాపేసి లేవలేకపోతోంది. పెంకు ఒలిచి తీసెయ్యమని పక్కింటి పెద్దమ్మ అంటోంది, ముట్టుకుంటే చచ్చిపోతాయని ఎవరో వీడియోలో చెప్పారు, ఎవరి మాట వినాలి అని అడిగారు.

ఇద్దరి మాటా సగమే నిజం. పగులు పెట్టినప్పటి నుంచి 24 గంటలు నిండేదాకా ముట్టుకోకండి. ఆ తర్వాత కూడా పగులు పెరగకుండా, లోపలి పొర ఎండిపోయి కనిపిస్తే అప్పుడు సాయం చేయండి. పొరలో ఎర్రటి నరం (రక్తనాళం) కనిపించిందంటే అక్కడితో ఆపేయండి. పొర తడపడం, ముక్కుకు గాలి ఆడేలా చూడడం, పెంకు పై టోపీ వరకు తీయడం, ఇంతవరకే మన పని. పిల్లను బయటికి లాగడం మాత్రం ఎప్పుడూ వద్దు.

నేను వర్ధన్నపేట వైపు ఉంటాను. నాటుకోళ్ళు, కొద్దిగా అసీల్ (పందెం కోడి జాతి). పదిహేనేళ్ళ నుంచి పిల్లలు తీయిస్తున్నాను, మొదట్లో కోళ్ళ కిందే, తర్వాత ఇంక్యుబేటర్. డాక్టర్‌ను కాదు, చదివింది ఇంటరే. చెప్పేది చేతితో చేసి, చెడగొట్టుకొని నేర్చుకున్నది.

ముందు ఆ 24 గంటలు ఎందుకో చెప్తాను, అది తెలిస్తే మిగతాది మీకే తట్టుతుంది.

గుడ్డు వెడల్పు వైపు గాలి గది ఉంటుంది కదా, టార్చి పెడితే ఖాళీగా కనిపించేది. 19, 20 రోజుల మధ్యలో పిల్ల లోపలి పొర చీల్చుకొని ముక్కును ఆ గదిలోకి పెడుతుంది. అప్పటిదాకా దానికి ఊపిరి పెంకు లోపల అల్లుకున్న రక్తనాళాల నుంచి వచ్చేది. ఇప్పుడు మొదటిసారి ఊపిరితిత్తులు పని మొదలుపెడతాయి. మీరు వింటున్న ఆ అరుపు అదే. గదిలో ఉన్న కాస్త గాలి చెడిపోయే కొద్దీ మెడ వెనక కండరం ఎగిరెగిరి పడుతుంది, ముక్కు కొన మీద ఉండే తెల్లటి గట్టి గింజ పెంకుకు తగిలి పగులు పడుతుంది. అక్కడిదాకా అందరికీ తెలుసు.

ఆ తర్వాత పిల్ల పడుకుంటుంది. పన్నెండు గంటలు, పద్దెనిమిది, ఒక్కోసారి పూర్తి రోజు. మనకు చూస్తే చచ్చిపోయిందేమో అన్నంత టెన్షన్. నిజానికి లోపల రెండు పనులు జరుగుతుంటాయి. పొరకు అల్లుకున్న నాళాల్లోని రక్తం ఒంట్లోకి తిరిగి వెళ్ళిపోతుంది, మిగిలిన పచ్చసొన సంచి బొడ్డు గుండా కడుపులోకి లోపలికి పోతుంది. ఈ రెండూ అయ్యాకే పిల్ల గుండ్రంగా తిరుగుతూ పెంకును చుట్టూ కోసుకుంటూ వస్తుంది. అవి కాకముందే మనం పెంకు తీశామంటే నెత్తురు కారుతుంది, సొన బయట వేలాడుతుంది.

నేనిది మొదటిసారి చేసింది సంక్రాంతి ముందు రోజుల్లో. పొదుగుకోడి నాలుగు పిల్లలు రాగానే వాటిని వెంటేసుకొని గంపలోంచి లేచి వెళ్ళిపోయింది. మూడు గుడ్లు పగులు పెట్టి మిగిలిపోయాయి. పాపం అనిపించి, ఉడికించిన గుడ్డు ఒలిచినట్టు గోటితో ఒలిచాను. పెంకు బాగానే వచ్చింది. కింద పొర మీద దారపు పోగులాంటి ఎర్ర గీత ఒకటి ఉంది, పొరతో పాటు అదీ తెగింది. ఒక చుక్క పడింది, తుడిచాను, మళ్ళీ వచ్చింది, గుడ్డ ఎర్రబడే దాకా వస్తూనే ఉంది. కడుపు కింద రేగుపండంత పసుపు ముద్ద వేలాడుతోంది. దీపాలు పెట్టే వేళకు పోయింది. రెండోదీ అంతే. మూడో గుడ్డు ముట్టడానికి చేతులు రాలేదు. గోనెపట్టా కింద బల్బు పక్కన పెట్టి వదిలేశాను. తెల్లారి చూస్తే అదే వచ్చి కూర్చుంది.

ఇప్పుడు మీ గుడ్లకు వద్దాం. ఇరుక్కుపోయిన పిల్ల వేరు, బలం లేని పిల్ల వేరు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, పగులు పెట్టి ఆగిపోయినట్టే. కానీ ఇరుక్కుపోయిన దాన్ని విడిపిస్తే రెండో రోజుకు మిగతా పిల్లల్లో కలిసిపోతుంది, ఏదో గుర్తు పట్టలేం. లోపల్నుంచే బలం లేనిదాన్ని ఎంత జాగ్రత్తగా తీసినా నాలుగో రోజో, ఆరో రోజో పోయేదే ఎక్కువ. నా దగ్గర అలాగే జరుగుతూ వచ్చింది. కాబట్టి సాయం చేసే ముందు ఏదో తేల్చుకోండి.

ఇరుక్కున్న పిల్ల అరుస్తుంది. గుడ్డు దగ్గర మీరు నోటితో చిన్నగా కిచకిచ చేస్తే జవాబిస్తుంది. పగులులోంచి ముక్కు కదులుతూ కనిపిస్తుంది. చుట్టూ పొర తెల్లగా కాగితంలాగానో, కాస్త గోధుమరంగులో తోలులాగానో ఎండి ఈకలకు అంటుకొని ఉంటుంది. అంటే తిరగాలని ఉంది, పొర పట్టేసింది. మీ ఎనిమిదిలో ఎక్కువ ఇవే అని నా అనుమానం. ఎందుకంటే మీరే రాశారు, ఆరిన పిల్లలను తీయడానికి పొద్దుట్నుంచి ఐదారు సార్లు మూత తెరిచానని. తెరిచిన ప్రతిసారీ లోపలి తడి గాలి మొత్తం బయటికి పోతుంది. ఈ చలికాలం మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది, పగులు దగ్గర పొర నిమిషాల్లో ఎండుతుంది. వచ్చిన పిల్లలకు తొందరేమీ లేదు. కడుపులోకి పోయిన పచ్చసొనతో రెండు రోజులకు పైగా మేత, నీళ్ళు లేకుండా ఉండగలవు. హేచరీల (పిల్లలు తీయించి అమ్మేవాళ్ళ) నుంచి ఒక రోజు వయసు పిల్లలు అట్టపెట్టెల్లో అంతంత దూరం బస్సుల్లో వచ్చేది ఆ ధైర్యంతోనే. ఇక నుంచి మూడోవంతు పిల్లలు ఆరాక ఒకసారి, అంతా అయ్యాక ఒకసారి, అంతే.

బలం లేని పిల్ల అరుపు సన్నగా, మధ్యమధ్యలో ఆగుతూ ఉంటుంది, పిలిస్తే పలకదు. పొర తడిగానే ఉంటుంది, అయినా కదలిక లేదు. పగులు దగ్గర జిగురుగా, పసుపుగానో ఆకుపచ్చగానో కారి ఉండొచ్చు. వాసన వస్తే మాత్రం ఇంక ఆలోచించొద్దు, ఆ గుడ్డు వెంటనే బయటికి తీసి దూరంగా పాతేయండి. లోపల పగిలిందంటే మిగతా పిల్లల బొడ్లకు కూడా చీము పట్టిస్తుంది.

కరెంటు గురించి భయపడినట్టున్నారు. 19వ రోజుకు పిల్ల తనంతట తాను వేడి పుట్టిస్తుంది, మూత తీయకుండా ఉంటే మూడు గంటల చల్లదనంతో సాధారణంగా చావదు. ఆలస్యం అవుతుంది. పూట నుంచి ఒక రోజు దాకా వెనకబడొచ్చు. అందుకే 21 రోజులు అయిపోయాయి అన్న లెక్క మీకు ఈసారి పనికిరాదు, పగులు పెట్టిన గడియ నుంచే లెక్కపెట్టుకోండి. ఇంకోసారి కరెంటు పోతే వేడినీళ్ళ సీసాలు గుడ్డలో చుట్టి లోపల పెట్టి, పైన దుప్పటి కప్పండి, కానీ గాలి రంధ్రాలు పూర్తిగా మూయొద్దు. చివరి రోజుల్లో లోపల అన్ని ప్రాణాలు ఊపిరి పీలుస్తుంటాయి. నిజం చెప్పాలంటే చల్లబడి చచ్చినవాటికంటే వేడెక్కి చచ్చిన పిల్లలనే నేను ఎక్కువ చూశాను. ఎండాకాలం కూలర్ లేని రేకుల గదిలో ఇంక్యుబేటర్ పెట్టి, కరెంటు ఉన్నా చంపుకున్నాను.

సాయం ఎలా చేయాలంటే, ముందు గది వెచ్చగా ఉండాలి, ఫ్యాన్ ఆపండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. కాచి గోరువెచ్చగా చల్లార్చిన నీళ్ళు ఒక గిన్నెలో, చెవి పుల్లలు నాలుగైదు, మొన మొండిగా ఉన్న చిన్న పట్టకారు, టార్చి, కొంచెం కొబ్బరినూనె, మందుల షాపులో దొరికే బెటాడిన్. ఇంకొకటి, చాలామంది చెప్పనిది: పేపర్ టీ కప్పులు. వాటి అవసరం తర్వాత చెప్తాను. అన్నీ పక్కన పెట్టుకున్నాకే మూత తీసి ఒక్క గుడ్డు తీసి, మళ్ళీ మూసేయాలి. ఒక్కో గుడ్డు రెండు మూడు నిమిషాలకు మించి బయట ఉండొద్దు.

పగులు ఉన్న చోట నుంచి వెడల్పు వైపుగా, గాలి గది మీద ఉన్న పెంకును మాత్రమే నువ్వుగింజంత నువ్వుగింజంత ముక్కలుగా తీయండి. లోపలి పొరను అప్పుడే ముట్టొద్దు. చెవి పుల్లను గోరువెచ్చని నీళ్ళలో ముంచి, పిండి, పొర మీద అద్దండి. రుద్దొద్దు. ఎండిన పొర తెల్లగా ఉండేది తడవగానే అద్దంలా మారుతుంది, అప్పుడు లోపల ఏముందో కనిపిస్తుంది. ఇదే అసలు పరీక్ష. ఎర్రటి నరాలు కనిపిస్తే పిల్ల ఇంకా సిద్ధం కాలేదు. పొర మీద కొద్దిగా కొబ్బరినూనె రాసి (ముక్కు రంధ్రాల వైపు పోకుండా, నూనైనా నీళ్ళైనా అందులో పడితే ఊపిరాడదు), గుడ్డును లోపల పెట్టేసి ఆరు గంటల తర్వాత మళ్ళీ చూడండి. నరాలు లేవు, పొర ఒకే రంగులో ఉంది అంటే ముక్కు దగ్గర నుంచి పొరను కొంచెం కొంచెం వెనక్కి జరపండి. ఎక్కడైనా నెత్తురు చుక్క వస్తే శుభ్రమైన గుడ్డతో అర నిమిషం అదిమి పట్టి, వదిలేసి, లోపల పెట్టేయండి. ఒక చుక్కకు చావదు. మనం ఆపకపోతేనే చస్తుంది.

తల, ఒక రెక్క విడిపడగానే మన పని అయిపోయింది. కింది సగం పెంకు అలాగే ఉండాలి. అందులో బొడ్డు ఇంకా అతుక్కొని ఉండొచ్చు. ఇక్కడికే టీ కప్పు. కప్పు అడుగున తడి టిష్యూ పేపరు పెట్టి, సగం పెంకుతో ఉన్న పిల్లను అందులో నిలబెట్టి ఇంక్యుబేటర్‌లో పెట్టండి. లేకపోతే ముందే వచ్చిన పిల్లలు దాన్ని బంతిలా తన్నుకుంటూ తిరుగుతాయి, బొడ్డు చూస్తే పురుగనుకొని పొడుస్తాయి. కప్పులో ఉంటే అది తీరిగ్గా, ఆరేడు గంటలకో, ఒక్కోసారి తెల్లారేసరికో తనే తన్నుకొని బయటికి వస్తుంది. ఆ తన్నడం దానికి అవసరం, కాళ్ళకు బలం వచ్చేది అప్పుడే.

బొడ్డు దగ్గర పచ్చసొన ఇంకా బయటే ఉంటే కత్తిరించొద్దు, లోపలికి నొక్కొద్దు, దారం కట్టొద్దు. తడి కప్పులో అలాగే ఉంచండి, చాలాసార్లు ఒక రోజులో దానంతటదే లోపలికి పోతుంది. పోయాక బొడ్డు మీద బెటాడిన్ ఒక చుక్క.

సన్న మొన వైపు పొడిచిన గుడ్డు వేరే కథ. అది తలకిందులుగా తిరిగింది, గాలి గది దాని కాళ్ళ వైపు ఉంది. అది పొడిచిన చోటే దానికి ఊపిరి, కాబట్టి ఆ రంధ్రం మూసుకుపోకుండా, పొర ఎండకుండా చూడండి, రెండు మూడు గంటలకోసారి చుట్టూ అద్దండి. పెంకు తొందరగా తీయొద్దు. ఇలాంటివాటిలో నరాలు, సొన లోపలికి పోవడం ఆలస్యం అవుతుంది, నేను 36 గంటల దాకా ఆగుతాను. కొన్ని తమంతట తాము కూడా వస్తాయి.

అరుపు వినిపిస్తూ పగులు లేని రెండు గుడ్లు: అరుపు మొదట విన్నప్పటి నుంచి పూర్తి రోజు గడిచినా పగులు రాకపోతే, టార్చి పెట్టి గాలి గది అంచు పెన్సిల్‌తో గీసుకోండి. ఆ గీతకు పైన, గదిలోకి, కాల్చి చల్లార్చిన సూది మొనతో తిప్పుతూ తిప్పుతూ ఆవగింజంత రంధ్రం చేయండి. గాలికోసమే అది. అంతకంటే ఏమీ చేయొద్దు, మిగతాది దానికే వదిలేయండి.

ఒక మాట. మన ఊళ్ళలో పొదుగు చివర్లో గుడ్లను గోరువెచ్చని నీళ్ళలో వేసి కదిలేవి ఏవో చూసే అలవాటు ఉంది. పగులు లేని గుడ్డుకు అది ఏమో గానీ, పగులు పెట్టిన దాన్ని నీళ్ళలో వేస్తే మునిగి చస్తుంది. పెద్దమ్మ ఆ పని మొదలుపెట్టకముందే చెప్పండి.

ఇక బయటికి వచ్చాక. కష్టపడి వచ్చిన పిల్ల తడిసిన గుడ్డపేలికలా పడి ఉంటుంది, మెడ వాల్చేస్తుంది. అది మామూలే. బాగా ఆరి ఈకలు పొంగేదాకా ఇంక్యుబేటర్‌లోనే ఉంచండి, 24 గంటలైనా పర్లేదు. బ్రూడర్‌లోకి (పిల్లలను వెచ్చగా ఉంచే పెట్టె) మార్చాక బల్బు కింద మొదటి వారం 35 డిగ్రీలు, ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. థర్మామీటర్ లేకపోయినా పిల్లలే చెప్తాయి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలి, మూలలకు పోయి నోరు తెరిస్తే వేడి. వరంగల్ వైపు ఈ రోజుల్లో తెల్లవారుజామున మంచి చలి ఉంటుంది, నాలుగింటికి లేచి ఒకసారి చూడండి. బలహీనమైన పిల్లలు పోయేది ఎక్కువగా ఆ వేళకే.

నీరసంగా ఉన్నవాటిని వేరే అట్టపెట్టెలో పెట్టండి, కానీ ఒంటరిగా వద్దు. సాధువుగా ఉన్న ఇంకో పిల్లను తోడు పెట్టండి. ఒంటరి పిల్ల అరిచి అరిచి ఉన్న బలం పోగొట్టుకుంటుంది, తోడు ఉంటే దాన్ని చూసే తాగడం, తినడం నేర్చుకుంటుంది.

నీళ్ళు సిరంజితో నోట్లో పోయొద్దు. నేను రెండు పిల్లలను అలాగే చంపాను, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయాయి, గురగురమంటూ పది నిమిషాల్లో పోయాయి. ముక్కు కొన మాత్రం నీళ్ళలో అద్దండి. తల ఎత్తి మింగుతుంది. గంటకోసారి మూడు నాలుగు అద్దులు చాలు. మొదటి రోజు లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో నిమ్మకాయంత బెల్లం కరిగించి ఇవ్వొచ్చు, ఒక్క రోజే, ఎక్కువ ఇస్తే విరేచనాలు. రెండో రోజు నుంచి కోళ్ళ విటమిన్ చుక్కలు, సీసా మీద రాసినంతే. మేతకు సన్నటి మక్క రవ్వ కాగితం మీద చల్లండి, ఆ తర్వాత స్టార్టర్ దాణా (చిన్న పిల్లల కోసం అమ్మే మేత). వెనక రెట్ట అంటుకొని గట్టిపడితే గోరువెచ్చని నీళ్ళ దూదితో నానబెట్టి తుడవాలి, లాగితే చర్మం వస్తుంది. నీళ్ళ గిన్నెలో గులకరాళ్ళు వేయండి, నీరసం పిల్ల తల వాల్చి అందులోనే మునుగుతుంది.

కాళ్ళు చాపేసిన మీ పిల్లకు ఇవాళే కట్టు కట్టండి, రేపటికి వాయిదా వేయకండి. మొదటి రెండు రోజుల్లో ఎముకలు, కీళ్ళు ఎటు వంచితే అటు వింటాయి, వారం దాటితే వినవు. ఒక బ్యాండ్‌ఎయిడ్‌ను పొడవుగా రెండుగా కత్తిరించండి. దూది ఉన్న భాగం రెండు కాళ్ళ మధ్యకు వచ్చేలా, మోకాలి కింద సన్నటి కాలికి ఒక చివర, రెండో కాలికి ఇంకో చివర చుట్టండి. కాళ్ళ మధ్య ఎడం బాగున్న పిల్ల నిలబడినప్పుడు ఉండేంత. మొదటి గంట బోర్లా పడి గోల చేస్తుంది, మీరు జాలిపడి విప్పేయకండి. రెండు మూడు రోజులు ఉంచి విప్పి చూడండి, కాళ్ళ కింద గోనెపట్టా ముక్క వేయండి. మీ ఫోటోలో బ్రూడర్ అడుగున న్యూస్ పేపర్ కనిపించింది. పాత పేపర్ నున్నగా జారుతుంది, సగం కాళ్ళ జబ్బు అక్కడిదే. ఊక మొదటి మూడు నాలుగు రోజులు వద్దు, మేత అనుకొని మింగుతాయి.

వేళ్ళు ముడుచుకుపోయిన పిల్ల ఉంటే అట్ట ముక్కను పాదం ఆకారంలో కత్తిరించి, వేళ్ళు విప్పి టేపుతో అతికిస్తే రెండు రోజుల్లో సాగుతాయి. కానీ ఒకే విడతలో నాలుగైదు పిల్లలకు వేళ్ళు ముడుచుకుంటే అది పిల్లల తప్పు కాదు, తల్లుల మేతలో లోపం, బి2 విటమిన్. దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

మీరు కోళ్ళకు వడ్లు, మక్కలు వేసి వదిలేస్తామని రాశారు. బయట తిరిగి పురుగూ పుట్రా ఏరుకునే కోడికి అది సరిపోతుంది. కానీ మీరు కుక్కల భయంతో జాలీలో పెట్టారు. జాలీలో ఉన్న కోడికి గింజలే మేత అయితే గుడ్డు పెడుతుంది గానీ ఆ గుడ్డులో పిల్లకు కావలసిన విటమిన్లు ఉండవు. పిల్ల 20 రోజులు పెరిగి, పెంకు పగలగొట్టే రోజుకు బలం చాలక ఆగిపోతుంది. ఇందాక చెప్పిన బలం లేని పిల్ల చాలాసార్లు ఇదే. పొదుగుకు గుడ్లు ఏరడానికి నెల ముందు నుంచి పుంజుకూ పెట్టలకూ మంచి దాణా, రోజూ మునగాకో పాలకూరో గోంగూరో ఏదో ఒక ఆకు. నేనైతే మునగాకు గుత్తి జాలీకి వేలాడదీస్తాను, సాయంత్రానికి ఈనెలే మిగులుతాయి.

పుంజు కూడా చూడండి. నాలుగేళ్ళుగా అదే పుంజు, దాని కూతుళ్ళే పెట్టలు అయితే పిల్లల్లో బలం తగ్గుతూ వస్తుంది. నేను మూడేళ్ళు ఇదే తప్పు చేశాను. అందమైన డేగ పుంజు, అమ్మబుద్ధి కాలేదు. పక్క ఊరి నుంచి వేరే పుంజును తెచ్చిన తర్వాతి విడతలోనే పెంకులో ఆగిపోయేవి తగ్గాయి. మామునూరులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, వెటర్నరీ కాలేజీ కూడా అక్కడే. మీకు కొంచెం దూరమే గానీ, హన్మకొండ వైపు వచ్చినప్పుడు ఒకసారి వెళ్ళి అడగండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో తయారైన వనరాజా, గ్రామప్రియ లాంటి పెరటికోళ్ళ రకాలు పెంచే ఆలోచన ఉంటే వాటికీ సలహా దొరుకుతుంది. ఆ పెట్టలు దాదాపు పొదుగుకు కూర్చోవు, ఆ పిల్లలు కావాలంటే మళ్ళీ ఇంక్యుబేటరో నాటుకోడో కావాల్సిందే.

గుడ్ల వయసు మీరు చెప్పలేదు. వారం దాటినవి పెట్టొద్దు. ఆషాఢం బోనాలకు పెద్ద కోళ్ళు కావాలంటే ఇప్పుడే, ఈ చలికాలమే పిల్లలు తీయించాలి, అప్పుడు గుడ్లు నిలవ ఉండడం కూడా తేలిక. ఏప్రిల్, మే నెలల్లో మన ఇళ్ళలో 38, 40 డిగ్రీల గదిలో గుడ్డు పెడితే, పొదుగు లేకుండానే లోపల జీవం కదలడం మొదలుపెట్టి, సగంలో ఆగి బలహీనపడుతుంది. ఎండాకాలం నేను మట్టిమూకుడులో తడి ఇసుక పోసి, పైన గుడ్డ వేసి, దాని మీద గుడ్లు సన్న మొన కిందికి పెడతాను. నాలుగు రోజులకు మించి ఉంచను.

ఇంక్యుబేటర్ సంగతి: మొదటి 18 రోజులు తేమ 50 శాతం అటూ ఇటూ, చివరి మూడు రోజులు 65 నుంచి 70. వేడి ఫ్యాన్ ఉన్న మెషీన్‌లో 37.5. మెషీన్ మీద కనిపించే అంకెను నమ్మొద్దు. నా మొదటి మెషీన్ 37.5 అని చూపిస్తూ 38.6 నడిచింది. జ్వరం చూసే థర్మామీటర్ లోపల పెట్టి చూస్తే గానీ తెలియలేదు. అప్పటికే రెండు విడతలు పోయాయి.

ఇంకొక చేదు మాట. అన్నిటినీ కాపాడలేరు. పేగు బయటపడ్డది, ముక్కు అడ్డంగా పెరిగింది, కళ్ళు లేనిది, రెండు రోజులైనా నీళ్ళ చుక్క మింగనిది... వాటితో రాత్రంతా కూర్చోవద్దు. మా అమ్మ అలాంటిదాన్ని చూసి "దానికి రాసిపెట్టలేదు బిడ్డా" అని గంప మూసేది. అప్పట్లో కోపం వచ్చేది. సాయం చేసి బతికించిన పిల్లలకు నేను కాలికి ఎర్ర దారం కడతాను. పెరిగాక కూరకో అమ్మకానికో పంపిస్తాను గానీ వాటి గుడ్లు పొదుగుకు పెట్టను. ఇరుక్కున్నది ఏ కారణంగానో మనకు పూర్తిగా తెలియదు కదా.

ఎర్ర దారం పిల్లలకూ టీకా మామూలుగానే. ఐదు నుంచి ఏడు రోజుల మధ్య కొక్కెర తెగులుకు (రాణిఖేత్) కంట్లో చుక్క. ఆ రోజు బాగా నీరసంగా ఉన్నదాన్ని మాత్రం రెండు రోజులు ఆపి వేయిస్తాను.

ఇప్పుడు మీరు చేయాల్సింది: తడి స్పాంజి ఒకటి లోపల పెట్టి మూత మూసేయండి. కాళ్ళు చాపిన పిల్లకు కట్టు కట్టండి. సన్న మొన గుడ్డు పొర అద్దడం తప్ప, రాత్రి పది దాకా గుడ్ల జోలికి పోవద్దు. పది దాటాక ముందు బాగా అరుస్తున్న గుడ్డు తీసి, పొర తడిపి, నరాలు ఉన్నాయో లేవో చూడండి. తడిపిన పొరకు టార్చి పెట్టి దగ్గర్నుంచి ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. పన్నెండు దాకా మెలకువగానే ఉంటాను, నా మెషీన్‌లో కూడా ఇవాళ 20వ రోజు.